తొట్టికి అంచు

అజ్మాన్‌ల మా క్యాంపు మిద్దె మీద
పదకొండు తొట్లున్నయి నాకు.
తొట్లంటే తొట్లు గావు.
ఆరు పెయింటు డబ్బాలు, మూడు నూనె టిన్నులు,
పగిలిన కూలర్ అడుగు ఒకటి,
ఇగ ఒకటి ఎవరిదో పసుపుపచ్చ హెల్మెట్.
నీళ్లు ఏసీ ఇస్తది.
కిటికీ కింద క్యాను పెడితే
తెల్లారేదాంక టప్పు టప్పున నిండుతది.
రూముల ఏడుగురం రాత్రంత ఇడిసిన ఊపిరి
పొద్దుగాల పుదీనకు పోస్త.

ముందుగాల ఇట్ల లేకుండె.
టైల్స్ పరిచిన విల్లాల
తోట చూసి మనసువడ్డ.
తెల్ల గులకరాళ్లు, ఒక్క తీరు కుండీలు,
హాజరుకు నిలవడ్డట్టు పిటూనియాలు.
ఫోన్ల ఫోటో తీసుకొచ్చుకొని
అరవై దిర్హాములు వెట్టి
నాలుగు తెల్ల ప్లాస్టిక్ కుండీలు కొన్న,
ప్లాస్టిక్ గడ్డి చాప కొన్న.
సదిరి, దూరం జరిగి చూసిన.
పెండ్లికి అడుక్కొచ్చుకున్న అంగీ తీరు:
భుజాలు సరిపోయినయి గని
నేను అండ్ల లేను.
పోశెట్టి వచ్చి "ఆఫీసు లెక్కున్నదిరా" అన్నడు.
మెచ్చుకున్నడో ఎక్కిరిచ్చిండో
ఇప్పటికి తెల్వది.

ఒక్క రాత్రి షమాల్ గాలి లేచింది.
మూడు కుండీలు మిద్దె దిగిపోయినయి.
గడ్డి చాప పోయి
పక్క క్యాంపోళ్ల నీళ్ల ట్యాంకుకు సుట్టుకున్నది.
తిట్లు నాకు, నవ్వు పోశెట్టికి.

గా శుక్రారం ఊకె కూసున్న.
మంచం కింద సంచిల సైటు ముక్కలున్నయి,
నేను కోసినంక మిగిలిన టైల్ కొసలు,
పారేయ బుద్ధిగాక తెచ్చినయి.
నీలం ఎవరిదో తానం గదిది.
పసుపు ఒక వంటింటి గోడది.
అద్దం లెక్క మెరిసే నలుపు
షార్జా బంగారం దుకాణం గడపది.
తెల్ల సిమెంటు కలిపి
పెయింటు డబ్బాకు ఒత్తుకుంట పోయిన.
కండ్లు ఏడనో ఉన్నయి,
చేతులు లెక్క పెడుతున్నయి:
రెండు నీలం, ఒక పసుపు, రెండు నీలం,
నడుమ ఒక నలుపు.
సగం డబ్బా అయినంక ఆగిన.
ఈ లెక్క టైల్స్ మేస్త్రీది గాదు.
సిరిసిల్లల మా నాయిన మగ్గం పక్కపొంటి కూసోని
పదేండ్లప్పుడు నేను అందిచ్చిన
కండెల లెక్క.
మగ్గం తుక్కు కింద పోయిననాడు
అంచు సుత పోయిందనే అనుకున్న.

అప్పటిసంది ఏ డబ్బా ఇంకో డబ్బాలెక్క లేదు.
గోంగూర ఎర్ర కాడకు నలుపు అంచు.
హెల్మెట్ల గడ్డిగులాబీలు పెట్టి
దాని బెల్టుతోనే గోడకు ఏలాడదీసిన.
జూన్‌ల బెండ చెట్లు ఎండిపోయినయి,
పీకలే.
కాయలు గాలికి గలగలమంటయి,
నిద్ర పట్టనప్పుడు మంచిగుంటది.

ఇంజినీర్ ఫోటో చూసి
తన బాల్కనీకి ఒకటి చేసియ్యిమన్నడు.
చేసిచ్చిన.
తిప్పి తిప్పి చూసి
"గీ ముక్క వంకరున్నది, సరిచెయ్" అన్నడు.
పొద్దంత లెవెల్ కర్ర పట్టుకొని
గోరంత ఎత్తుపల్లం రానియ్యని చేతులు నావి.
"గదొక్కటి గట్లనే ఉండాలె సార్" అన్న.
తొట్టి తిరిగియ్యలే.
పైసలు సుత ఇయ్యలే.

నిన్న రాత్రి
బస్సు డ్రైవర్ గుల్ జమాన్
డ్యూటీ దిగి, చాయ్ గిలాసతోటి మిద్దెక్కిండు.
నన్ను అడగలే.
నా దిక్కు చూడను సుత చూడలే.
వంగి, నాలుగు పుదీన రెమ్మలు తుంచి
గిలాసల ఏసుకొని
హెల్మెట్ కింద కాళ్లు సాపుకొని కూసున్నడు.
విల్లా తోటల ఎవ్వరు ఏమీ తుంచంగ
నేనైతే చూడలే.
క్యాను మోసుకొని జరసేపు నిలవడ్డ.
"భాయ్, కాళ్లు జరుపు,
నీళ్లు పొయ్యాలె" అన్న.